ఎక్కడ గుచ్చుకుంటోందో చెప్పమ్మా

వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. డాక్టరు కాదు, ఎవరైనా పొరపాటున డాక్టరుగారూ అంటే నొచ్చుకుంటాడు కూడా. పళ్ళ డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చు ముందు పెట్టుకుని కట్టుడు పళ్ళ సెట్టు తయారుచేస్తాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. విడ్డూరం చూడండి, తాను చేసిన పళ్ళతో ఒక్కరు నములుతుండగా కూడా ఆయన ఇంతవరకూ చూడలేదు. అచ్చులు పెట్టెల్లో వస్తాయి, సెట్లు పెట్టెల్లో పోతాయి. కుదరకపోతే, ఎడమవైపు నొక్కుతోందనో, వదులైందనో చీటీతో తిరిగొస్తాయి. ఆ చీటీ ఉంటే చాలు, ఎంతటిదైనా సరిచేసి పంపిస్తాడు.

అలాంటివాడికి మొదటిసారి, తెలిసిన మొహానికి పళ్ళు చేసే అవకాశం వచ్చింది. వాళ్ళమ్మ నెల్లాళ్ళుండి పోదామని వచ్చింది. నోట్లో ఒక్క పన్ను లేదు. నాలుగేళ్ళుగా మెత్తటివే మింగీ మింగీ మనిషి సగమైపోయింది. డాక్టరు కొలతలు తీసిస్తే పళ్ళాయన పది రోజులు కూర్చుని చేశాడు. పూర్వం ఆవిడకు పై వరసలో ముందు పళ్ళు రెండూ ఒకదానిమీదికొకటి కొంచెం ఎక్కి ఉండేవి. కొత్తవీ అలాగే పెట్టాడు. ఆవిడ అద్దంలో చూసుకుని "దివ్యంగా ఉన్నాయిరా నాయనా!" అంది.

దివ్యంగా ఉంటే తినాలిగా! వారం తిరిగినా పాలలో నానేసిన రొట్టె తప్ప ముట్టదు. ఆదివారం పొద్దున ఆ సెట్టు కడుగుతూ పళ్ళాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. నమిలిన పన్ను ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాలా? ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు. వీటితో అమ్మ ఒక్కసారీ నమల్లేదన్నమాట. తెల్లారితే అమ్మకు రైలు. ఇవాళ అమ్మ నిజం చెప్పకపోతే ఈ పళ్ళు ఏ బీరువాలోనో పడుంటాయి, ఆవిడ మళ్ళీ మెత్తటివి మింగుతూ చిక్కిపోతుంది.

అందుకే, నమిలితే తప్ప దిగనివి పెట్టి చూద్దామని, ఊరి చివర పొలంలోనే బల్లలు వేసి వడ్డించే హోటలుకు బ్రంచ్‌కని తీసుకుపోయాడు.

"బ్రంచ్ అంటే ఏంట్రా?"

"పొద్దుటి పలహారం, మధ్యాహ్నం భోజనం కలిపి ఒకేసారమ్మా."

"అమ్మో, గడుసువాళ్ళే! ఒక పూట మిగుల్చుకున్నారన్నమాట."

బురద బూట్లతోనే యజమానురాలు వచ్చి పళ్ళేలు పెట్టింది. కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఆకులతో సహా క్యారెట్లు, గట్టి రొట్టె, ఉడికిన గుడ్లు. "గంట క్రితం మొక్క మీదే ఉన్నాయమ్మా ఇవి. పళ్ళకు పని చెప్పండి!" అని నవ్వుతూ వెళ్ళింది.

అమ్మ గుడ్డు చిదిమి మింగింది. "కమ్మగా ఉందిరా" అంది. పొత్తు తినమంటే తర్వాత అంది. రొట్టె ముక్క కొరికినట్టే కొరికి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. రుమాలు ఒళ్ళోకి చేరేసరికి ఉబ్బెత్తుగా ఉంది. పళ్ళు అందులో ఉన్నాయి.

పళ్ళాయనకు ఒళ్ళు మండింది. "ఏంటమ్మా ఇది? నొప్పంటే నొప్పని చెప్పలేవూ?"

"నువ్వు చేసినవిరా. బాగాలేవని ఏ నోటితో అననూ?"

"ఊరూపేరూ తెలియనివాళ్ళు చీటీ రాసి పంపిస్తారు. కన్నతల్లివి, నువ్వు చెప్పవు!"

ఆవిడ తలొంచుకుంది. మెల్లగా, "నీ మొదటి జీతంతో చెప్పులు కొన్నావు చూడు, అవీ కరిచేవి" అంది.

"ఎన్నాళ్ళు?"

"మూడేళ్ళు."

కోపం ఎటు పోయిందో, పళ్ళాయనకు నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఎక్కడ గుచ్చుకుంటోందో చెప్పమ్మా. నీకు దండం పెడతా" అన్నాడు.

ఆవిడ అటూ ఇటూ చూసి నోరు తెరిచింది. కింద ఎడమవైపు చిగుళ్ళ మీద గోరంత పుండు, ఎర్రగా ఉంది. వారం రోజులుగా ఆ పుండుతోనే ఈవిడ దివ్యం దివ్యం అంటోంది! పళ్ళాయన ప్రాణం ఉసూరుమంది.

జేబులో గరుకు కాగితం తెచ్చుకున్నాడు. కుళాయి దగ్గర నిలబడి అంచు రుద్ది, కడిగి తెచ్చిచ్చాడు. "ఎలా ఉంది?"

"బాగా..." అనబోయి ఆవిడ ఆగింది. "లేదు. ఇంకా తగులుతోంది."

మళ్ళీ రుద్దుకొచ్చాడు. "అబ్బే, అక్కడ కాదురా, వెనక్కి!" అని ఈసారి కసిరింది. మూడోసారికి పొత్తు అందుకుని, కుడివైపుకు పెట్టుకుని కొరికింది. కటుక్కుమంది. దవడ కదులుతోంటే పళ్ళాయన రెప్ప వెయ్యకుండా చూశాడు. ఆవిడ ఒక్కో గింజా నమిలి, ఎడమవైపుకు మార్చి, మొహం చిట్లించి మళ్ళీ కుడివైపుకు తెచ్చుకుంది.

"నిజం చెప్పనా?"

"చెప్పమ్మా."

"సగమే కుదిరింది. పుండు మానాలి, నువ్వు మళ్ళీ చూడాలి." పొత్తు కింద పెట్టి ఆవిడ కొడుకు వైపు చూసింది. ఏదైనా అడగడం ఆవిడకు అలవాటు లేని పని. "రేపు వెళ్ళనురా. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను."