నేను కొనని టికెట్టు

మా లైనులో నన్ను పిసినారి అనేవారు. ముఖం మీద ఎవరూ అనలేదు గాని, క్వార్టర్ల గోడలు పలుచన, అన్నీ వినబడేవి. ఆ మాటకు నేనెప్పుడూ నొచ్చుకోలేదు. వంకాయను నొక్కి చూడడం, కుండను మీటి చూడడం, అంగడివాడు తూకం వేస్తుంటే కళ్ళార్పకుండా నిలబడడం పిసినారితనమైతే, మా అవ్వ కూడా పిసినారే, ఆమె అత్త కూడా పిసినారే. రెండో తరగతిలోనే నన్ను బడి మాన్పించి పొలానికి పంపారు. బడిలో వచ్చింది కూడబలుక్కొని చదవడం వరకే. మిగతాది అంగట్లో నేర్చుకున్నాను.

పెళ్ళయ్యాక చొప్పదండి దగ్గరి మా ఊరు విడిచి, నస్పూర్ పక్కన బొగ్గుబాయి క్వార్టర్లకు వచ్చాను. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళకు అనుకుంటాను. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరిన చోటు అది. ఒక ఇంట్లో తెలుగు, ఒక ఇంట్లో హిందీ, ఇంకో ఇంట్లో మరాఠీ. మా ఇంటాయన షిఫ్టు మారినప్పుడల్లా మాకు పగలే రాత్రి అయ్యేది. ఆయన నిద్ర చెడుతుందని గిన్నె చప్పుడు కాకుండా పనిచేసుకొనేదాన్ని. పిల్లలు ఇంకా పుట్టలేదు. మాట్లాడాలంటే పొయ్యితోనే మాట్లాడాలి.

చేబదులు ఇవ్వను కాబట్టి ఆడవాళ్ళు నా గడప తొక్కేవారు కాదు. పక్కింటి పిల్ల ఒక్కతే వచ్చేది. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్ల, నాకన్నా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. సాయంత్రం చాటలో బియ్యం పోసుకొని వచ్చి రాళ్ళు ఏరుతూ కూర్చొనేది. మాటలన్నీ ఆమెవి, వినడం నాది. ఆమె వస్తుందనుకున్న రోజు, నూనె ఖర్చయినా సరే, దీపం కొంచెం ముందుగానే వెలిగించేదాన్ని.

ఆమె పెనిమిటి బాయిలో పంపు నడిపేవాడు. నన్ను వదినె అనేవాడు. మంచివాడే, కాని మోటార్ల పిచ్చి. ఎక్కడ ఇంజను చప్పుడు వినబడ్డా తింటున్న కంచం వదిలి పోయేవాడు.

ఆ ఎండాకాలం నాగపూర్ వాళ్ళమని చెప్పుకొంటూ ఇద్దరు మనుషులు దిగారు. ఒకడు పెద్దవాడు, ఒకడు వయసువాడు. బాయి అవతలి మైదానంలో చిన్న డేరా వేశారు. దాని ముందు ఎర్రటి మోటారు సైకిలు ఒకటి పూలదండ వేసి నిలబెట్టారు. రిక్షాకు మైకు కట్టి లైను లైను తిరిగారు. వచ్చే ఆదివారం ఫట్‌ఫటీల పందెమట. నాగపూర్ నుంచి, బొంబాయి నుంచి బండ్లు తోలే సవార్లు వస్తారట. గెలిచినవాడికి కొత్త బండి ఇనామట. ఆడవాళ్ళకు వేరుగా కుర్చీలట. ఆ రోజుల్లో మా దిక్కున మోటారు సైకిలు ఉన్నది ఒక్క ఇంజనీరుకే. అది పోతుంటే పిల్లలూ కోళ్ళూ దారి విడిచి పరుగెత్తేవారు. అలాంటివి ఒక్కసారే అన్ని ఉరుకుతాయంటే ఎవరికి ఆశ పుట్టదు?

నాకు పుట్టలేదు. చూడనిదానికి ముందే పైసలు ఎందుకివ్వాలి? అయినా అది చప్పుడు చేసే పందెం, ఇంట్లో కూర్చున్నా వినబడుతుంది అనుకొని నా పని నేను చూసుకున్నాను.

రెండు మూడు రోజులకు పక్కింటి పిల్ల ముఖం ముడుచుకొని వచ్చింది. చేతిలో చాట లేదు.

"ఏమక్కా, నా దగ్గర గింత దాపరికమా?"

"ఏం దాచిన్నే?"

"ముందు వరుసల నలుగురికి టికెట్లు తీసుకున్నవట గద. లైనంత తెలుసు, నాకే తెల్వదు."

"నలుగురికా? ఇంట్ల ఉన్నదే ఇద్దరం. కడమ ఇద్దరెవరే, పొయ్యి మీది కుండా, పొయ్యి కింది పిల్లీనా?"

"మీ చుట్టాలొస్తున్రట."

"వస్తె నీకు తెల్వకుంట వస్తరా? నేను కొనలే."

ఆమె నవ్వలేదు. "చెప్పొద్దనుకుంటె చెప్పకు. అబద్ధమెందుకు?" అని వెళ్ళిపోయింది.

నల్లా దగ్గరా అదే మాట. "గట్టిది పో. కొన్ననంటె చుట్టాలెగవడ్తరని, కొనలేదంటది," అని ఒకామె నేను వింటుండగానే అంది. అవునంటే నమ్మకపోయేవారేమో, కాదంటే మరింత నమ్మారు. అంతటితో పోతే నాకు బాధ లేదు. "గామెనే పైసలు తీసిందంటె అండ్ల మోసమేముంటది?" అని ఇంటింటా టికెట్లు కొనడం మొదలుపెట్టారు. నా మాటను నమ్మనివాళ్ళు నా కొంగుముడిని నమ్మారు.

మా ఇంటాయనకు చెప్పాను.

"నిజంగనే కొనలేవా?" అని అడిగాడు.

"నువ్వు గూడ అడుగుతవా?"

"కొనలేదంటున్నవు గద, మరి మనకేం ఫికరు?" అని అటు తిరిగి పడుకున్నాడు.

లైనులో ఆ టికెట్లు అమ్ముతున్నది పక్కింటాయనే. అందుకని ఆ సాయంత్రం నేనే వాళ్ళింటికి పోయాను.

"తమ్మీ, నేను కొన్ననని నీకెవరు చెప్పిన్రు?"

"గా డేరా పెద్దాయినే చెప్పిండు వదినె. తన చేతితోని నీ చేతికే ఇచ్చిండట. బేరమాడి పానం తీసిందన్నడు. నువ్వు గాకపోతె గట్ల ఎవరాడుతరు? నేను నమ్మిన."

"నేను గా మనిషి మొఖమే చూడలే."

అతని చేతిలో ఉన్న టికెట్ల కట్ట ఒడిలోకి జారింది. "ఇంకెవరినన్న చూసి నువ్వనుకున్నడేమో," అన్నాడు. నేను ఆ పిల్ల వైపు చూశాను. ఆమె కాళ్ళు బోసిగా ఉన్నాయి.

"నీ కడియాలేవే?"

ఆమె చీర అంచు కాళ్ళ మీదికి లాక్కుంది. అతనే చెప్పాడు. "పందెంల తోలేటందుకు నా పేరు గూడ రాసుకున్నరు. ఉత్తగనె బండి చేతికియ్యరు గద వదినె, జమానతు అడిగిన్రు. గెలిస్తె బండే మనదాయె."

"ఇన్ని దినాల సంది ఒక్కసారన్న తోలనిచ్చిన్రా?"

"ఆదివారం పొద్దుగాల ఇస్తమన్నరు."

"రేపు నేను ఠాణాకు పోత," అన్నాను.

ఆ పిల్ల లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, ఆదివారం దాక ఆగు. టికెట్లు అమ్మింది ఈయన. పోలీసోళ్ళొస్తె ముందుగాల ఎవరి రెక్క పడ్తరు? నీకు దండం పెడ్త, ఆగు."

చేతులు విడిపించుకొని ఇంటికి వచ్చాను. ఆగితే ఇంకా పది ఇళ్ళవాళ్ళు నా పేరు విని పైసలిస్తారు. ఆమె కడియాలు కూడా పోతాయి. ఠాణాకు పోతే, ఆమె అన్నట్టే జరగవచ్చు. వంట చేస్తూ, తింటూ, గిన్నెలు తోముతూ అదే ఆలోచించాను. ఎటు తిప్పినా నా పేరుతో అమ్ముడుపోతున్న అబద్ధం నాకు మింగుడు పడలేదు.

పొద్దున్నే మంచిర్యాల ఠాణాకు నడిచి పోయాను. ఆడమనిషి ఒంటరిగా ఠాణాకు పోవడం అప్పుడు చిన్న సంగతి కాదు. దారిలో ఎదురైనవాళ్ళు ఎక్కడికని అడిగితే అంగడికని చెప్పాను.

ఠాణాలో జమేదారు చాయ్ తాగుతున్నాడు. పందెంవాళ్ళ మీద అనుమానమని చెప్పగానే నా లైను అడిగాడు. చెప్పాను. సాసరు కింద పెట్టి పెద్దగా నవ్వాడు.

"ఓహో, గామెవు నువ్వేనా? నీ పేరు చెప్పంగనె నేను గూడ మా జవానుతోని తెప్పించుకుంటి." జేబులోంచి టికెట్లు తీసి చూపించాడు. "ఇగో, నీ పక్క కుర్సీలే మాయి."

"నేను కొనలే సారూ."

"నాకెందుకమ్మా అబద్ధం చెప్తవు? నేనేమన్న నీ చుట్టాన్నా, ఎంబడి వస్తననీకి?"

బయట అరుగు కింద ఆకుకూరలు అమ్ముకొనే ముసలామె ఉంది. నేను ఆమె దగ్గర కొనని వారం లేదు, ఆమె నన్ను తిట్టుకోని వారమూ లేదు. అంతా వింటున్నట్టుంది, అక్కడి నుంచే అరిచింది.

"ఓ జమేదారు సాబ్! గామె కొత్తిమీర కట్ట ఇప్పి పుల్ల పుల్ల సూడందే పైస తియ్యది. కండ్లతోని సూడని ఆటకు గామె పైసలిస్తదా? ఎవలన్న నవ్వుతరు. నా పానం ఎన్నేండ్ల సంది తీస్తుందో నన్నడుగు!"

నా పక్షాన ఒక మనిషి మాట్లాడడం, ఆ ఊరు వచ్చాక అదే మొదలు. అదీ తిట్టే.

జమేదారు నవ్వు ఆగిపోయింది. ఖాకీ అంగీ విప్పి మామూలు అంగీ వేసుకొని, నన్ను కొంచెం వెనకగా రమ్మన్నాడు.

డేరాలో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. జమేదారు నాలుగు టికెట్లు కావాలన్నాడు. "గని జర అనుమానంగ ఉన్నది భాయ్," అని నసిగాడు.

"అనుమానం కాయ్‌కు భావు?" అన్నాడు ఆయన. "లైన్ల ఒకామె ఉన్నది, ఎంగిలి మెతుకు గూడ చీమకియ్యది. అసొంటామె నలుగురికి కొన్నది. నా ఈ చేతితోని ఇచ్చిన."

"ఎట్లుంటదామె?"

"లావుగ, నల్లగ, ముక్కుకు ఇంత పెద్ద పుల్ల. నోరు తెరిస్తె మూసుడు లేదు."

నేను సన్నగా ఉండేదాన్ని. ముక్కు కుట్టించుకోలేదు. నోటి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన నా వైపు తిరిగి, పళ్ళన్నీ బయటపెట్టి, "తాయీ, మీరు గూడ తీసుకోండ్రి. ఆమె పక్క కుర్సీ ఖాలీ ఉన్నది, తోడుంటది," అన్నాడు.

నా పక్కన నాకే కుర్చీ అమ్మజూపినవాణ్ణి నేను ఆ ఒక్కణ్ణే చూశాను.

"ఇగో భాయ్, నువ్వు టికెట్లిచ్చింది ఈమెకే," అని జమేదారు అతని మెడపట్టీ పట్టుకున్నాడు. వయసువాడు అప్పటికే డేరా పక్కనున్న చాయ్ దుకాణం వెనక నుంచి స్టేషను దారి పట్టాడు. డేరాలో పెట్టె తెరిస్తే ప్రజల సొమ్ము సగం వరకూ దొరికింది. గుడ్డలో చుట్టిన కడియాలూ దొరికాయి. పూలదండ వేసిన బండి భైంసాలో ఒక పత్తి వ్యాపారి దగ్గర కిరాయికి తెచ్చిందట. దాంట్లో పెట్రోలు చుక్క లేదు. నాగపూర్ నుంచీ, బొంబాయి నుంచీ ఏ సవారూ బయలుదేరలేదు.

పట్టుబడ్డవాడు ఊరుకుంటాడా? "నేనొక్కణ్ణేనా? లైనుల అమ్మింది మీవోడే," అని పక్కింటాయన పేరు చెప్పాడు. అతనికి ఏమీ తెలియదని, పెండ్లాం కడియాలే పెట్టి మోసపోయాడని జమేదారు వెంటబడి చెప్పాను. "చెప్పేదుంటె ఠాణాల చెప్పుకుంటడు తియ్యి," అన్నాడు. పట్టపగలు, లైనంతా గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా, షిఫ్టు దిగి వస్తున్న మనిషిని బొగ్గు ముఖంతోనే తీసుకుపోయారు.

రెండు రోజులకు వదిలిపెట్టారు. కేసు పెట్టలేదు. కడియాలు ఇచ్చేశారు. సొమ్ము దొరికినంతలో అందరికీ కొంత కొంత పంచారు. తక్కువ పడ్డవాళ్ళు మాత్రం ఠాణాకు పోలేదు, పక్కింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బాయిలో అతన్ని ఫట్‌ఫటి దొంగ అని పిలవడం మొదలుపెట్టారట. మా ఇంటాయనే చెప్పాడు. చెప్పి, "నేను ఫికరెందుకంటి, ఇన్నవా?" అన్నాడు.

ఆ పిల్ల సాయంత్రాలు రావడం మానేసింది. నేను రోజూ దీపం ముందే వెలిగించి, గోడ అవతల గిన్నెల చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆ చప్పుడును బట్టి ఆమె ఏ పనిలో ఉందో నాకు తెలిసేది. వారం చూసి నేనే పోయాను. ఆమె కూర్చోమనలేదు.

"నీ కడియాలు దొరికినయ్ గదనే," అన్నాను. అంతకన్నా మెత్తగా మాట్లాడడం నాకు రాలేదు.

"కడియాలొచ్చినయక్కా. ఆయన పేరెట్లొస్తది?"

"ఆదివారం దాక ఆగితె అవి గూడ పోతుండె."

"పోతె పోతుండె," అంది. ఏడుపు లేదు, కోపం లేదు. "అందరితోని మేం గూడ మోసపోయినోళ్ళమైతుంటిమి. గిప్పుడు మోసం చేసినోళ్ళమైతిమి. గంతే ఫరకు."

ఆమె చెప్పింది నిజం. నేను చేసింది తప్పు కాదు, అదీ నిజమే. రెండూ ఒకే గుమ్మంలో ఎదురుబొదురుగా నిలబడ్డాయి. నేను వచ్చేశాను.

వానలు పడే ముందు వాళ్ళు గోదావరి అవతల ఇంకో బాయికి బదిలీ పెట్టుకొని వెళ్ళిపోయారు. సామాను బండి కదిలేటప్పుడు నేను వాకిట్లోనే ఉన్నాను. అతను "పోయొస్త వదినె" అన్నాడు. ఆమె మూటలు సర్దుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత లైనులో నాకు విలువ పెరిగింది. చీర రంగు పోతుందా చూడమని, గిన్నెకు చిల్లి ఉందేమో చూడమని, అంగడికి పోయేటప్పుడు నన్ను పిలుచుకుపోయేవారు. నేను సరే అన్నాకే పైసలు తీసేవారు. తిరిగి వచ్చాక ఎవరి తలుపు వాళ్ళు వేసుకొనేవారు.

పక్కింట్లోకి మరాఠీవాళ్ళు వచ్చారు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. మొదటి రోజే ఆమె గిన్నె పట్టుకొని నా గుమ్మంలో నిలబడి, ఉప్పు కావాలని సైగ చేసింది. గిన్నె నిండా పోశాను. కూర్చుంటుందేమోనని పీట కూడా వేశాను. ఆమె పీట వైపు చూసి, నవ్వి, గిన్నె ఒలకకుండా రెండు చేతులతో పట్టుకొని వెళ్ళిపోయింది.