తూము ముందరి గుంత

రెండే మాటలు. "ఐదు మూరలు." ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువంతా ఆ రెండు మాటలదే. పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, మా బాపును కాటికి సాగనంపాను. ఎవరికీ చెప్పలేదు. భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే ఓదారుస్తారు. నాకు ఓదార్పు వద్దు. వినండి, చాలు.

మాది మర్రిగూడ దగ్గరి మెట్ట ఊరు. వాన కురిస్తే చెరువులో నీళ్ళు, లేకపోతే లేదు. నేను చెప్పేది నిజాం రోజుల సంగతి, ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. వానకారు పంట కోసిన తర్వాత చెరువులో మిగిలిన నీళ్ళను ఊరంతా కట్ట మీద నిలబడి కొలిపించేది. ఆ నీళ్ళు ఎండాకాలం పంటకు ఎన్ని మళ్ళ దాకా సరిపోతాయో ముందే అంచనా కట్టి, అన్ని మళ్ళలోనే నాటు వేయనిచ్చేవాళ్ళు. మిగతా భూమి ఆ కారుకు బీడే. పటేలు మడి అయినా సరే, గీతకు అవతల ఉంటే బీడే. దీన్ని తైబందీ అనేవాళ్ళం.

కొలత చాలా సులువు. మూర మూరకు గీత గీసిన పొడుగాటి వెదురు కట్టె ఒకటి ఉండేది. నీళ్ళు మూడు మూరలుంటే తూము నుంచి తుమ్మచెట్టు దాకా సాగు. నాలుగుంటే నల్లబండ దాకా. ఐదుంటే కాలువ చివరి దాకా. ఆ చివర మా రెండెకరాలు.

మేము శాలోళ్ళం. మా ఇంట్లో మగ్గం తప్ప భూమి ఎవరూ ఎరగరు. బాపు పైసా పైసా కూడబెట్టుకుని, కడుపు మాడ్చుకుని ఆ ముక్క కొన్నాడు. కొన్న తర్వాత ఒక్కసారి కూడా తైబందీ మా దాకా రాలేదు. అటు చూస్తే యుద్ధం పేరు చెప్పి నూలు దొరకడం మానేసింది. మగ్గం గుంతలో పిల్లి పడుకునేది. బాపు ఆ యేడు ఏం చేశాడంటే, కొలత కాకముందే నారు పోశాడు. చెరువు నిండుగా కనిపిస్తోందని ఆయన ధైర్యం. పచ్చగా, బెత్తెడు ఎత్తు లేచిన ఆ నారును ఆయన రోజూ అరచేత్తో నిమిరేవాడు. మగ్గం మీద బట్టను కూడా ఆయన అలాగే నిమిరేవాడు.

కట్టె పట్టేది నీరటి నర్సయ్య. తూము తీసేదీ మూసేదీ, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేదీ ఆయనే. ఆ పనికి ఊరు ఆయనకు కొంచెం మాన్యం ఇచ్చింది. ఊరి బయటి వాడ మనిషి. వయసులో నాకు తాతంతవాడు, అయినా ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ ఆయన్ను పేరు పెట్టే పిలిచేవాళ్ళం. నేనూ అంతే. ఆయన మాత్రం పదిమందిలో నన్ను అయ్యా అనేవాడు, ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాడు.

ఆ యేడు సరిగ్గా కొలత రోజులకు ఆయనకు నారికురుపు లేచింది. మడమ దగ్గర పుండు, అందులోంచి దారంలాంటి పురుగు. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుకింత లాగాలి. తెగితే కాలు పోతుందని భయం. నీళ్ళలో దిగే స్థితి కాదు. నాకు ఈత వచ్చు, నాలుగక్షరాలు వచ్చు. కొలతకు ముందురోజు నన్ను పిలిపించి కట్టె నా చేతికిచ్చాడు.

"మూడు జాగాలల్ల దించు బిడ్డా. అన్నిట్ల తక్కువ ఏది ఒస్తే గదే లెక్క. తూము ముంగట మాత్రం దించకు. ఎండకాలం ఒండ్రు తవ్వుకపోయిన్రు గాడ, గుంత ఉంది. మొన్నటి వరదకు చెరువుల ఒండ్రు బాగ పడ్డది. పైకెల్లి చూస్తె నిండ కనబడ్తది గని, లోపట నీళ్ళు తక్కువుంటయి. జర పైలం."

నేను లేవబోతుంటే ఇంకో మాటన్నాడు. "తైబందీల రాసినంక ఆఖరి మడి తడవాలె బిడ్డా. అది తడిస్తెనే నీరటి ఉన్నట్టు."

మర్నాడు పొద్దున్నే కట్ట మీద ఊరు ఊరంతా. పటేలు, పట్వారీ, రైతులు. బాపు ఒక పక్కగా నిలబడ్డాడు. చలి. నీళ్ళు కొరికేస్తున్నాయి. నేను దిగి, తొందరలో తూము ముందరే కట్టె దించాను. ఐదో గీత దాకా మునిగింది. "ఐదు మూరలు!" అని కేకేశాను. కట్ట మీద ఒక్కసారిగా సంబరం. చలికి వణుకుతూ ఒడ్డెక్కాను. తొందరలో జరిగిన పొరపాటు.

లేదు. ఇప్పుడు కూడా అబద్ధమే రాశాను. చూశారా, ఎంత అలవాటైపోయిందో! ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న కథ ఇదే, కలం పట్టుకోగానే అదే ముందు వచ్చింది. కొట్టేయడం లేదు, అలాగే ఉండనివ్వండి. నేనెలాంటివాణ్ణో మీకు తెలియాలి.

జరిగింది ఇదీ. మొదట నడిమి చెరువులో దించాను. మూడున్నర. ఇంకా ఎడమకు పోయి దించాను. నాలుగుకు కొంచెం తక్కువ. నీళ్ళలో తేలుతూ కట్ట వైపు చూశాను. బాపు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, మెడ ముందుకు చాచి నన్నే చూస్తున్నాడు. పటేలు "ఎన్నిరా?" అని అరిచాడు. "ఇంకోటుంది!" అన్నాను. ఈదుకుంటూ తూము ముందరికి వచ్చాను. కాలితో తడిమాను. గుంత అంచు తగిలింది. అంచు తగిలాక, ఆ అంచుకు అవతల, లోతులోకి దించాను.

తక్కువ వచ్చిందే లెక్క అని తెలుసు. ఎక్కువ వచ్చింది చెప్పాను. కట్టె అబద్ధం చెప్పలేదు కదా, గీత ఐదు చూపించింది కదా అని ఆ క్షణంలోనే నాకో సాకు దొరికింది. మనిషికి సాకు ఎంత తొందరగా దొరుకుతుందో తలచుకుంటే ఇప్పటికీ నాకు దిగ్భ్రమే. తప్పు చేయడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం నర్సయ్య దగ్గరికి కట్టె తిరిగివ్వడానికి పోలేదు. ఎవరిచేతనో పంపించాను.

నాట్లు పడ్డాయి. చివరి దాకా. బాపు మోకాళ్ళ లోతు బురదలో నిలబడి నవ్విన నవ్వు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఒక్కోసారి అనుకుంటాను, ఆ నవ్వు కోసమే కదా చేశాను, అది అంత పెద్ద పాపమా అని. మరుక్షణం నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. బాపు నవ్వును అడ్డం పెట్టుకుంటావేంరా?

పైరు పొట్టకొచ్చే వేళకు చెరువు అడుగంటడం మొదలైంది. ఇంకా ఎన్నో తడులు కావాలి. నడిమి మళ్ళు నెర్రెలిచ్చాయి. నల్లబండకు ఇవతల కంకి పాలు పట్టకముందే తెల్లబారింది. చిత్రంగా, చివరనున్న మా మడి మాత్రం పచ్చగానే ఉంది. తెల్లవారి పోయి చూస్తే మడిలో నీళ్ళు నిలిచి ఉండేవి. బాపు ఆకాశం వైపు చూసి దండం పెట్టేవాడు. నేను ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగలేదు. అడిగితే లెక్క మొదటి నుంచి తీయాల్సి వస్తుంది కదా.

ఊళ్ళో గుసగుసలు లేచాయి. ఐదు మూరల నీళ్ళు ఇంత తొందరగా ఎట్లా అయిపోతాయి? నీరటి అమ్ముకుంటున్నాడు. తెల్లవారకముందే ఆయన్ను తూము దగ్గర చూశామని ఇద్దరు చెప్పారు. చావడి దగ్గర పంచాయితీ పెట్టారు. పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. నర్సయ్య కింద, ఎండలో. పురుగు బయటికి వచ్చింది కానీ కాలు సరి కాలేదు, కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

"పొద్దు పొడవకముందు తూము తీసింది నిజమేనా?" అని అడిగాడు పటేలు.

"నిజమే దొరా."

"ఎవనికి అమ్మినవ్‌రా?"

"ఎవ్వరికి అమ్మలే దొరా. నీళ్ళే తక్కువుండె."

పటేలు నా వైపు తిరిగాడు. "శాలోళ్ళ పిలగా, కట్టె పట్టింది నువ్వే గద. ఎన్ని మూరలుండె?"

"ఐదు," అన్నాను.

నర్సయ్య మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. "యాడ దించిన్రయ్యా?"

అక్కడ నేను ఆగిపోయి ఉండవచ్చు. మీరు నమ్మండి, నాకు అంత సమయం ఉండింది. నాలుక మీదికి నిజం వచ్చి నిలబడింది. జనంలో బాపు ఉన్నాడు. నడిమి మళ్ళ రైతులు ఉన్నారు, కళ్ళు ఎర్రగా. నిజం చెబితే వాళ్ళ ఎండిన పంట మొత్తం మా ఇంటి మీద పడుతుంది.

"నువ్వు చెప్పిన కాడనే," అన్నాను.

ఆయన కర్రను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"గట్లనా," అన్నాడు. "అయితె తప్పు నాదే దొరా. నేనే సక్కగ చెప్పలే."

తిడతాడనుకున్నాను. ఒట్టు వేయమంటాడనుకున్నాను. ఒట్టు వేయడానికి కూడా సిద్ధంగా ఉన్నాను, అంత తెగించి ఉన్నాను. ఈ మాటకు మాత్రం సిద్ధంగా లేను.

కట్టె తీసేసుకున్నారు. మాన్యం తీసేసుకున్నారు. ఊళ్ళో ఉండొద్దన్నారు. ఆ పూటే ముసలాయన, ముసలమ్మ రెండు మూటలు ఎత్తుకుని కూతురి ఊరికి, కృష్ణ ఒడ్డున నందికొండ వైపు నడిచిపోయారు. ఆ కాలుతో. నేను ఇంట్లో మగ్గం పలకల చాటున కూర్చున్నాను. చూడలేదు.

మర్నాడు తెల్లవారి బాపుతో మడికి పోయాను. మడిలో చుక్క నీళ్ళు లేవు.

"ఇన్నొద్దులు పొద్దుగాల్ల వొచ్చేసరికి నిండి ఉంటుండె. ఇయ్యాలేంది బిడ్డా గిట్ల?" అన్నాడు బాపు అయోమయంగా.

నేను కాలువ వెంబడి తూము దాకా నడిచాను. దారి పొడుగునా కాలువ గట్టుకు పడ్డ గండ్లన్నీ మట్టి పెట్టి పూడ్చి ఉన్నాయి. అరచేతి గుర్తులు ఇంకా చెరగలేదు. గట్టు తడిలో అడుగులు. ఒక కాలు నిండుగా పడ్డది, ఒక కాలు ఈడ్చింది, పక్కన కర్ర పొడిచిన గుంతలు. తూము నుంచి మా మడి దాకా. ఒక్క రోజువి కావు. ఒకదాని మీద ఒకటి, ఎన్నో రోజులవి.

పగలు తూము తీస్తే నీళ్ళన్నీ పై మళ్ళవాళ్ళే గుంజుకుంటారు. అందుకని ఎవరూ లేవకముందు తీసి, ఆ కుంటికాలితో నీళ్ళ వెంట నడిచి, చివరి మడి దాకా తోలుకొచ్చాడు. తైబందీలో రాశారు కాబట్టి. ఆఖరి మడి తడవాలి కాబట్టి. ఏ నీళ్ళు దొంగిలించాడని ఊరు ఆయన్ను వెళ్ళగొట్టిందో, ఆ నీళ్ళతో పండింది తిన్నది మేము.

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. చావడి దగ్గర "శాలోళ్ళ మడికే పారిచ్చిన దొరా" అని ఒక్క మాట అంటే చాలు, నేరం మా మీదికి వచ్చేది. ఆయన అనలేదు. ఎందుకు అనలేదు? నా మొహం చూసి అంతా అర్థం చేసుకున్నాడా? లేక నిజంగానే నన్ను నమ్మి, తానే సరిగ్గా చెప్పలేదనుకున్నాడా? ఈ రెండింటిలో ఏది నిజమైతే నాకు తక్కువ నొప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. తెలిసి క్షమించాడంటే తట్టుకోలేను. తెలియక తననే తప్పుపట్టుకుంటూ పోయాడంటే అసలే తట్టుకోలేను.

అప్పుడైనా చావడికి పరుగెత్తి చెప్పి ఉండవచ్చు. ఆయన ఇంకా ఎంతో దూరం పోయి ఉండడు. చెప్పలేదు. బాపు దగ్గరికి తిరిగి వచ్చి, "తూము మూసిన్రు" అన్నాను.

మా పంట సగం తాలు, సగం గింజ. ఆ బియ్యం మా అమ్మ వండింది. ఊళ్ళో సగం ఇళ్ళు జొన్న గటక తాగుతుంటే మేము అన్నం తిన్నాం. నేను కూడా తిన్నాను. రుచిగానే ఉంది. అది కూడా ఒప్పుకోవాలి కదా.

చాలా ఏళ్ళకు నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. పని మీద పోయినప్పుడు చూశాను. గోడ మీద నీళ్ళ మట్టానికి అంకెలు రాసి ఉన్నాయి. ఒకాయన వాటిని చూసి పుస్తకంలో రాసుకుంటున్నాడు, పక్కనున్నాయన మళ్ళీ చూసి సరిచూస్తున్నాడు. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. నర్సయ్య గురించి కనబడ్డవాళ్ళందరినీ అడిగాను. ఆ పాత ఊరే నీళ్ళలో పోయిందన్నారు. ఎవరికీ తెలియదు.

క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఉన్నా అడిగే మొహం నాకు లేదు. నాకు చేతనైనదల్లా, ఆ పొద్దున నీళ్ళలోంచి కట్ట వైపు తిరిగి అరవాల్సిన మాటను ఇప్పుడైనా రాయడం.

మూడు జాగాల్లో దించాను, నర్సయ్య తాతా. తక్కువ వచ్చిందే చెబుతున్నాను.

మూడున్నర మూరలు.