కప్ప రజియా, కానుగ నేను

మా సైన్సు సారు పోయారని రజియా ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు పుట్టింది. ఆ కబురు కూడా దానికే ముందు తెలియాలా?

ఉదయగిరి హైస్కూల్లో మేమిద్దరం ఒకే బెంచీ. రెండు జీవుల్ని పోల్చాలంటే సారు బోర్డు మీద భేదాలు రాయించేవారు కాదు. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, నువ్వు ఇది, నువ్వు అది, వాదించుకోండి అనేవారు. మా కొండ మీద ఊట దగ్గర, బండల సందుల్లో ఒక చిన్న కప్ప ఉండేది. అంతరించిపోయే జాతి, నీళ్ళు కాస్త మారినా దాని పల్చటి చర్మం తట్టుకోలేదు అని సారు తెగ బెంగపడేవారు. ఎప్పుడూ రజియానే ఆ కప్ప. నేను కానుగ చెట్టు. రోడ్డు పక్క ఎక్కడ చూసినా కనిపించే కానుగ.

ఊట ఎండితే నాకింకో చోటు లేదు సార్ అని రజియా అంటే, సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు. నేను నీడ గురించీ గింజల నూనె గురించీ ఎంత చెప్పినా, బాగుంది కూర్చో, అంతే. నన్నూ ఒకసారి కప్పను చెయ్యండి సార్ అని అడిగేశాను.

"నువ్వు యాడేసినా బతుకుతావు మే. నీకెందుకు దిగులు?" అన్నారు.

మెచ్చుకున్నారో, తీసిపారేశారో తేలలేదు. వింజమూరులో ఉద్యోగం పోయి మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టినప్పుడు ఆ మాటే నన్ను నిలబెట్టింది. అయినా కుళ్ళు మాత్రం పోలేదు.

సారు స్కూటరు మాత్రం రోజూ బళ్ళో కానుగ కిందే ఉండేది. సాయంత్రం సీటు మీద రాలిన పూలను అరచేత్తో దులుపుకుని వెళ్ళేవారు.

రిటైరయ్యాక ఆత్మకూరులో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటికి నేను మొదటిసారి వెళ్ళింది ఆయన్ను కడసారి చూడ్డానికే. వాకిట్లో కానుగ చెట్టు. దాని కింద, నాకంటే ముందొచ్చిన రజియా. సారుకు నువ్వంటేనే ప్రాణం కదా అన్నాను నిష్ఠూరంగా.

"నన్ను చూస్తే ఆయనకు దిగులు మే," అంది రజియా. "ఇల్లు కట్టుకోంగానే ముందు ఈ కానుగనే నాటినాడంట. నాకెంత కుళ్ళుగా ఉండాదో నీకేం తెలుసు?"

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

చెట్టు కింద ఆ పాత స్కూటరే ఉంది. సీటు కనపడకుండా పూలు. రజియా చెయ్యి చాపింది. ఆ చేతిని పక్కకు తోసేసి నేనే దులిపాను. దులుపుతుండగానే మళ్ళీ రాలుతున్నాయి.