అచ్చిరాని బండ్లు

మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టీ తాగేటప్పుడు ఎవడో ఒకడు తన మొదటి బండి గురించి మొదలుపెడతాడు. దానిమీద ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరిని ఎక్కించుకున్నాడో, అమ్మేసిన రోజు ఎంత ఏడ్చాడో. అందరూ నవ్వుతూ వింటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. టీ సగంలో వదిలేసి లేచి వచ్చేస్తాను. నాకూ మొదటి బండి ఉండేది, రెండోదీ ఉండేది, మూడోది ఇంకా ఉంది. వాటి గురించి చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి. అది క్యాంటీన్‌లో నవ్వుకుంటూ చెప్పే సంగతి కాదు.

మా నాయన సిటీ బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతటిలో ఒక్క యాక్సిడెంట్ లేదు. ఇది ఆయన చెప్పుకునే మాట కాదు, నాచారంలో మా బస్తీ అంతా చెప్పుకునే మాట. మా ఇంటికి నంబరు అక్కర్లేదు, 'డ్రైవర్ సాబ్ ఇల్లు' అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. గల్లీలో ఎవరు కొత్త బండి కొన్నా, పూజ కాగానే మొదట తాళం ఆయన చేతికే ఇచ్చేవాళ్లు. ఆయన ఒక రౌండు కొట్టి వచ్చి, దిగి, "మంచిగుంది, నడుపుకో" అంటేనే వాళ్లకు తృప్తి. ఆ మాట కోసం టీ పోసి, స్వీటు పెట్టి నిలబడేవాళ్లు.

మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో నా ఉద్యోగం పర్మినెంట్ అయ్యాక మొదటి బండి కొన్నాను. ఉప్పల్‌లో సెకండ్‌హ్యాండ్ బండ్లు అమ్మే కన్సల్టెన్సీలో దొరికింది. నల్లది, హండ్రెడ్ సీసీ. పొద్దున చోక్ లాగి నాలుగు కిక్కులు కొడితేగాని లేచేది కాదు. పెట్రోలు అయిపోవస్తే నడిరోడ్డు మీద దగ్గేది. చెయ్యి కిందికి పోనిచ్చి ట్యాప్ రిజర్వుకు తిప్పగానే మళ్లీ సర్దుకుని నడిచేది. అప్పటిదాకా బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడినవాణ్ణి. షిఫ్టు దిగాక పనేమీ లేకపోయినా ఉప్పల్ స్టేడియం రోడ్డు దాకా పోయి వచ్చేవాణ్ణి. మందుల వాసన కొట్టే చొక్కాకు గాలి తగులుతుంటే ఎంత హాయిగా ఉండేదో. ఆ బండంటే నాకు ప్రాణం. ఈ మాట చెప్పడానికి సిగ్గెందుకు?

నాయనకు రిటైరయ్యాక పొద్దు పోయేది కాదు. నేను ఇంట్లో ఉన్నప్పుడల్లా నా బండి తీసుకుని ఉప్పల్‌కు పోయి పాత దోస్తులను కలిసి వచ్చేవాడు. అప్పటికే ఆయనకు షుగర్ ఉంది. పేపరు మొదట చేతిదూరంలో పెట్టి చదివేవాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తర్వాత చదవడమే మానేసి, "గాలి వార్తలు, ఏం సదువుతం" అన్నాడు. చాయ్ సాసర్‌లో పోసుకుంటే సగం నేలమీద పడేది. ఇవన్నీ మేం చూస్తూనే ఉన్నాం.

ఒకరోజు ఆయన ఇంటికి కుంటుతూ వచ్చాడు. మల్లాపూర్ దారిలో రోడ్డు పక్కన పోసిన కంకర కుప్ప మీదికి బండి ఎక్కించేశాడు. కంకర కుప్ప అడ్డంగా పరుగెత్తుకు రాదు కదా! మోచేయి, మోకాలు కొట్టుకుపోయాయి. సాయంత్రానికి మా మేనమామ దిగాడు. దెబ్బ చూడలేదు, ముందు బండి నంబరు చూశాడు. వేళ్లమీద అంకెలు కూడాడు.

"ఎనిమిదొచ్చింది బావా. శని. గీ బండి మీకు అచ్చిరాలే."

"అదే అనుకుంటున్న," అన్నాడు నాయన.

ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. దొంగ దొరికాడు మరి! వారం తిరక్కుండా నా బండిని కొన్న కన్సల్టెన్సీకే తోలుకుపోయి, వాడు ఇచ్చింది తీసుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చాను.

రెండోది కొత్తది కొన్నాను. షోరూం బండి, ఎర్రది, సెల్ఫ్ స్టార్టు. నంబరు మామే దగ్గరుండి లెక్క చూసుకున్నాడు. గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మొదటి రౌండు ఎవరు కొట్టారో చెప్పక్కర్లేదు. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. నేను ఎండలో నిలబడి నా బండి గల్లీ మలుపు తిరిగి పోవడం చూశాను. మళ్లీ కనిపించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆ బండి ఆరునెలలైనా నిలవలేదు. నాయన ఆగి ఉన్న ట్రాలీ ఆటోను వెనక నుంచి గుద్దాడు. పట్టపగలు, ఖాళీ రోడ్డు. ముందు ఫోర్కు వంగిపోయింది, ఆయనకు రెండు పళ్లు ఊడాయి. మళ్లీ మామ వచ్చాడు. ఈసారి నంబరులో తప్పు పట్టడానికి లేదు, లెక్క చూసింది తనే. అందుకని రంగును పట్టుకున్నాడు.

"ఎరుపు బావకు పడదు. నేను అప్పుడే అనుకున్న."

అందరూ అన్నాలకు కూర్చుని ఉన్నారు. "బండికి కండ్లుండయి మామా. నడిపేటోనికి ఉండాలె," అన్నాను.

నాయన అన్నంలో చెయ్యి కడుక్కుని లేచి బయటికి పోయాడు. అమ్మ నా వైపు తిరిగింది. జన్మలో ఎప్పుడూ నన్ను అలా చూడలేదు.

"ఏం మాటరా అది? బస్సు నడిపి మనల్ని సాదిండు. ఆయనకే కండ్లు లేవంటవా? ఇంకోపాలి గా మాటంటే బాగుండదు సూడు."

"మల్ల పడితే?"

"పడడు. నేను సూస్కుంట."

ఏం చూసుకుంటుందో నేను అడగలేదు. రెండో బండీ పోయింది. ఏడాదిన్నర బస్సుల్లోనే తిరిగాను. ఎర్ర బండ్లు నా పక్కనుంచి పోతుంటే మొహం తిప్పుకునేవాణ్ణి.

మూడోది బూడిద రంగుది. శని లేని నంబరు, ఎరుపు లేని రంగు, పొడుగాటి సీటు. ఇది తెచ్చాక మా ఇంట్లో ఒక వింత జరిగింది. ఎక్కడికీ కదలని మా అమ్మ బండెక్కడం మొదలుపెట్టింది. కూరగాయలకు పోతే వెనకే, దోస్తుల దగ్గరికి పోతే వెనకే, కరెంటు బిల్లు కట్టడానికి పోయినా వెనకే. నాయన తాళం తీసిన చప్పుడు వినబడితే చాలు, పొయ్యి మీద కూరను దించేసి, కొంగు నడుముకు చెక్కుకుని గేటు దగ్గర నిలబడేది.

"ఏందమ్మా, ముసలితనంల షికార్లా?" అని ఆటపట్టించేవాణ్ణి.

"నీకేం నొప్పిరా? నా మొగని బండి మీద నేను పోత," అనేది.

"నా బండి" అని గొణుక్కునేవాణ్ణి. కానీ లోపల సంతోషంగానే ఉండేది. బతుకంతా బస్సు డ్యూటీలకే అయిపోయింది, ఇప్పటికైనా ఇద్దరూ తిరుగుతున్నారు అనుకున్నాను. నాయన మాత్రం విసుక్కునేవాడు. "ఎనక కూసుంటే నోరు ఊకుండదురా మీ అమ్మకు. బర్రెను సూసినా ముచ్చటే, లారీని సూసినా ముచ్చటే. చెవులు తూట్లు పడుతున్నయి." గల్లీలో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

నిజంగానే దాదాపు ఏడాది ఏమీ కాలేదు. నాయన మళ్లీ మీసం దువ్వుకున్నాడు. గల్లీలో ఎవరో కొత్త స్కూటర్ తెస్తే మళ్లీ మొదటి రౌండు ఆయనే కొట్టాడు. అమ్మ దానికి కూడా వెనక ఎక్కింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఉప్పల్ దాటాక, వరంగల్ హైవే మీద, తవ్విన రోడ్డు చుట్టూ పెట్టిన ఇనుప బారికేడ్‌కు గుద్దుకున్నారు. ఆ రోజు నేను బండి ఇంట్లో వదిలి బస్సులో డ్యూటీకి పోయాను. ఫ్యాక్టరీకి ఫోనొస్తే పరుగెత్తాను. నాయన ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. అమ్మ కాలు బండి కింద పడి మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు.

దవాఖానాకు చుట్టాలు వరసపెట్టి వచ్చారు. మామ ఈసారి నోరు తెరవడానికి ముందే నాయన అందుకున్నాడు.

"బండి తప్పేం లేదు. ఎనక కూసున్నామె కదిలింది. బ్యాలెన్స్ పోయింది. ఎనక కూసునుడు రాదు ఆమెకు."

బండి మీద చెల్లలేదు, నంబరు మీద చెల్లలేదు, చివరికి మా అమ్మ మీదికి వచ్చింది. మంచం మీద పడి ఉన్న మనిషి ముందరే అన్నాడు! నేను అమ్మ మొహం చూశాను. ఒక్క మాటంటుందేమోనని.

"అవు. నాదే తప్పు," అంది అమ్మ.

అందరూ వెళ్లేదాకా ఆగాను. వార్డులో మేమిద్దరమే మిగిలాక మీద పడ్డాను. "ఎందుకమ్మా అబద్ధం? ఆయన పరువు కోసం నీ కాలు కూడ ఇస్తవా?"

"అబద్ధం కాదు కొడుకా. నాదే తప్పు. ఎదురుంగ లారీ పోయింది, మస్తు దుమ్ము లేసింది. నా కండ్లల్ల పడ్డది. కండ్లు నులుముకున్న. గంతే, గా జరసేపు సెప్పలే."

"ఏం చెప్పలే?"

అప్పుడు చెప్పింది. నాయనకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి ఎదుటిది మసకగా కనబడుతుంది, పక్కది అసలే కానరాదు. ఆమెకు మొదటి బండి నాటినుంచే తెలుసు. 'నీకు కనబడుత లేదు' అంటే ఆయన బతకడు, అందుకే వెనక కూర్చుంది. దారి చూపించినట్టు కాకుండా ముచ్చట పెట్టినట్టు చెప్పేది. 'అగ్గో, ఆ బర్రె ఎంత బలిసిందో సూడు' అంటే నాయన బ్రేకు మీద కాలు వేసేవాడు. 'ఈ ఆటోడు రోడ్డంత వానిదే అనుకుంటుండు' అంటే పక్కకు తీసేవాడు. గుంత వస్తే మున్సిపాలిటీని తిట్టేది. సిగ్నల్ పడితే 'అబ్బ, ఎంతమంది ఆగిన్రో' అనేది. ఏడాదంతా ఆమె నోరు ఊరుకోలేదు. నేను నవ్విన ముచ్చట్లు అవే.

"ఆయనకు తెల్సా, నువ్వు ఎందుకు చెప్తున్నవో?"

"ఏమో. ఎన్నడు అడగలే. నేను సెప్పలే." నా చెయ్యి పట్టుకుంది. "కొడుకా, నా కాలు అతికెదాక నువ్వు కూసో ఎనక. ఆయన ఊకుండడు. మెల్లగ, ఆయనకు ఎర్కలేకుంట సెప్పాలె. బర్రె ఒచ్చింది అని సెప్పొద్దు. బర్రె మీద ముచ్చట పెట్టాలె."

నేను చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చాను. కారిడార్‌లో నాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బండి తాళం చేతిలో తిప్పుతున్నాడు. అది చూసి ఎదురుగా పోయి నిలబడ్డాను.

"నీకు కండ్లు కనబడుత లేవు నాయనా. మూడు బండ్లల్ల ఒక్కదాని తప్పు లేదు. అమ్మ తప్పు లేదు. అమ్మ నోటితోటి సెప్తుంటే నువ్వు నడిపినవు. ఇగ నడపకు. తాళం ఇయ్యి."

అరుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా వైపు, నా పక్క గోడ వైపు చూశాడు.

"మీ అమ్మ సెప్పిందా?"

అదొక్కటే అడిగాడు. తాళం బెంచీ మీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

అమ్మను ఇంటికి తెచ్చి నాలుగు నెలలవుతోంది. బండి మీద నేను ఫ్యాక్టరీకి పోతున్నాను. ఎవడూ అడగడు, ఎవడూ పడెయ్యడు, టైర్లు అరిగేదాకా నాదే. మంచం మీద ఉన్న అమ్మకు నాయన ఏ లోటూ చెయ్యడు. వేళకు మాత్రలు తీసి స్టూలు మీద పెడతాడు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి పోతాడు. ఒక్క మాట మాట్లాడడు. 'తాగు' అని కూడా అనడు.

మొన్న నేనే కల్పించుకుని, "నాలుగు రోజులు పోతే ఆయనే మాట్లాడతాడులే అమ్మా, నేను చేసింది నీ మంచికే కదా" అన్నాను. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"కాలు ఇరిగిన నాడు గూడ నన్ను తిట్టుకుంట నా పక్కనే కూసున్నడు కొడుకా," అంది. "నువ్వు నోరు తెరిసిన కాడినుంచి నాతోటి మాట్లాడుత లేడు."