ఎర్తు కడ్డీకి కట్టిన పెయ్య

మా చిన్నప్పుడు... రాజాంలో మా బియ్యం మిల్లు ఇంటికి టెలిఫోను వచ్చింది. అరవైల చివర్లో సంగతి.

లైన్‌మన్ అప్పన్న మావ గోడకు నల్ల డబ్బా బిగించాడు. దాన్నుంచి ఒక తీగను పెరట్లోకి దించి, భూమిలో పాతిన ఇనుప కడ్డీకి, అదే ఎర్తు కడ్డీకి, కలిపాడు. పిడుగు పడితే ఆ దెబ్బ మనుషుల జోలికి రాకుండా తీగ గుండా నేలలోకి పోతుందట. పనయ్యాక మమ్మల్ని పిలిచి గట్టిగా చెప్పాడు...

"తీగ తెగితే మీరు ముట్టకండి, నాకు కబురెట్టండి. మీ సొంత సామాను ఏదీ దీనికి తగిలించకండి. నేల తడి ఆరకుండా కడ్డీ మొదట్లో రోజూ చెంబుడు నీళ్లు పొయ్యండి. ఉరుముతుంటే రిసీవరు ఎత్తకండి."

శాస్త్రంలో విధి, నిషేధం అని రెండున్నాయి. చెయ్యమన్నది విధి, వద్దన్నది నిషేధం. అయిదో తరగతి దాటని నేను ఇవాళ ఊరూరా తిరిగి పురాణం చెబుతున్నానంటే... ఆ రెండు మాటల రుచి మొదట చూపించింది ఏ పండితుడూ కాదు, ఆ లైన్‌మనే.

నీళ్లు పోసే పని మా మామ్మది. భక్తిగా పోసేది, కడ్డీకి పసుపు కూడా రాసింది. కానీ ఆమె కంటికి నేలలో దిగిన గట్టి కడ్డీ అంటే గుంజే... ఒక మధ్యాహ్నం పెయ్యను తెచ్చి దానికి కట్టేసింది.

ఆ రోజే అప్పకు, అంటే మా అక్కకు, నొప్పులు. తొలి కాన్పు కష్టమని నాన్న విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్లాడు. కబురు ట్రంకు కాల్లో రావాలి. అమ్మ పొద్దున్నుంచీ ఫోను ముందు పీట వేసుకుని కూర్చుంది... మంచినీళ్లు కూడా ముట్టలేదు.

మబ్బు కమ్మింది. పెయ్య బెదిరి ఒక్క గుంజు గుంజింది... కడ్డీ వంగి, తీగ పుటుక్కున తెగింది.

"ఏటత్తా, ఇలా సేసేసినావు?" అంది అమ్మ.

"నానేటి సేసినాను? గట్టిగున్నాది గదాని కట్టినాను. మీ టెలిఫోను కంటే నా పెయ్యకే బలం ఎక్కువ," అంది మామ్మ.

అమ్మ రిసీవరు ఎత్తి చూసింది. "ఆపరేటరు పలుకుతన్నాడు. మాట వస్తాది గదా, తీగ సంగతి రేపు సూద్దాం."

పదేళ్ల దాన్ని, నాకు ఒళ్లు మండింది. "ఉరుములొస్తన్నాయి. ఇప్పుడు ఫోను మోగితే ఎత్తకుండా ఉంటావేటే అమ్మా?"

అమ్మ పీటను ఫోనుకు ఇంకా దగ్గరగా జరుపుకుంది. ఎత్తకుండా ఉండలేదు... నాకు తెలుసు.

పరుగెత్తాను. చినుకుల్లో, బురదలో, పావడా ఎత్తిపట్టి... అప్పన్న మావ అన్నం ముందు కూర్చున్నాడు. సంగతి వినగానే చెయ్యి కడిగేసి, నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు.

వస్తూనే పెయ్యను విప్పి, "పెద్దమ్మా, పెయ్యనే కట్టినావా? గేదె మిగిలిపోనాదేటి?" అన్నాడు. కడ్డీ సరిచేసి దిగగొట్టాడు, కొత్త తీగ బిగించాడు, మొదట్లో రెండు బిందెల నీళ్లు పోయించాడు. అరుగెక్కి తల తుడుచుకుంటున్నాడో లేదో... ఆకాశం చీలినట్టు మెరుపు. నల్ల డబ్బాలో టప్పుమని శబ్దం, సన్నటి పొగ. ఫోనుకు జానెడు దూరంలో అమ్మ... ఆమెకేమీ కాలేదు.

"దెబ్బ నేలలోకి పోనాది," అన్నాడు మెల్లగా.

ఉరుములు సద్దుమణిగాక మాడిన ఫ్యూజులు తీసి కొత్తవి వేశాడు. కాసేపటికి ఫోను మోగింది. నువ్వే ఎత్తమని అమ్మ ఆయనకు సైగ చేసింది. ఆయన విని మా వైపు తిరిగాడు... "ఆడపిల్లంట. తల్లీ పిల్లా సుకంగా ఉన్నారంట."

అప్పుడు తాగింది అమ్మ మంచినీళ్లు... ఏడుస్తూ, నవ్వుతూ.

అయ్యలారా, అమ్మలారా... గుండె మీద చెయ్యి వేసుకుని వినండి. నిషేధం మనల్ని కట్టెయ్యడానికి కాదు. మన ప్రాణం కోసం మనకంటే ముందే ఇంకొకరు పడ్డ భయం అది.

ఆ రోజు పుట్టిన పిల్లకు ఇప్పుడు మనవలు. కొత్త ఫోను కొంటే తెర మీద బారెడు షరతులు వస్తాయి, చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేస్తుంది. నేనూ అంతే... మనకు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు, మన కోసం అన్నం ముందు నుంచి లేచి వచ్చేవాళ్లు తగ్గారు.

మీ ఇంట్లో "ఇది ముట్టకండి" అని చెప్పి, మిమ్మల్ని బతికించిన మనిషి ఎవరు? కింద రాయండి... ఒక్కొక్కటీ చదువుతాను.