నేల కింద రెమెయ్

పెళ్లయిన ఏటి నుంచీ రెమెయ్ ఆ నాటకం ఆడించడంలో ఒక చెయ్యి వేస్తూనే ఉంది. కానీ ఒక్కసారి కూడా చూడలేదు.

స్పెయిన్‌లో, కాటలోనియా కొండల అంచున ఉన్న ఆ పట్టణంలో క్రిస్మస్ అంటే గొర్రెల కాపరుల నాటకమే. చర్చి నాటక సమాజం వారు ఆడతారు. వేషాలు ఇంటి పేర్లలాగా తరతరాలుగా దిగి వస్తాయి. రెమెయ్ భర్త కీర్జె సాతాను వేషగాడు. అతని తండ్రిదీ అదే వేషం. చివరి అంకంలో దేవదూత మిఖాయేలు కత్తి దూసినప్పుడు సాతాను మడమతో నేలను తన్నుతాడు. కాళ్ల కింద నేలతలుపు తెరుచుకుంటుంది. అతను వెనక్కి చూడకుండా చీకట్లోకి పడిపోతాడు. చూడకుండా పడాలి కనుక ఆ తలుపు మీట ఇంటి మనిషి చేతిలోనే ఉండాలన్నది అక్కడి కట్టుబాటు. అత్తగారి తరువాత ఆ మీట రెమెయ్ చేతికి వచ్చింది.

మిగతా ఏడాదంతా ఆమె సంతలో ఉప్పుచేపలు అమ్ముతుంది. నాటకం రోజున వేదిక కింద, కీర్జె వచ్చి పడే పరుపు పక్కన, ఉరుము చప్పుడు చేసే రేకు దగ్గర కూర్చుంటుంది. టపాకాయలకు, రేకు మోతకు చెవులు పోతాయని మొదటి ఏడే కీర్జె దూది తెచ్చి ఇచ్చాడు. అప్పటి నుంచి చెవుల్లో దూది, వేదికను మోసే గుంజ మీద అరచెయ్యి. పైన మాటలూ కేకలూ ఉత్త హోరుగానే చేరతాయి. మడమ దెబ్బ అరచేతికి తెలుస్తుంది, మీట లాగుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే, దూదిలోంచి కూడా వినిపించేంత పెద్ద నవ్వు హాలంతా లేస్తుంది. ఆ నవ్వు తలుపు చురుకుదనానికి వచ్చిందని, అంటే తనకు వచ్చిందని ఆమె నమ్మకం. ఇంటికి నడుస్తూ ప్రతి ఏడూ అడిగేది: "తలుపు బాగా తెరుచుకుందా?"

"బ్రహ్మాండంగా," అనేవాడు కీర్జె.

ఈసారి పండుగ ముందు, చేపలు నానబెట్టిన తొట్టి పక్కన జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. మీట ఆడపడుచు గ్రిసెల్డా చేతికి వెళ్లింది. క్రిస్మస్ మర్నాటి ఆటకు రెమెయ్ జీవితంలో మొదటిసారి హాల్లో, ముందు వరసలో కూర్చుంది.

పక్కనున్న కూరగాయల తెక్లా బాదం మిఠాయి విరిచి చేతిలో పెట్టింది. "అబ్బో, దొరసాని పైకొచ్చిందే! గాలి ఆడుతోందా?"

"నోరు మూసుకుని చూడవే. నాకు ఇదంతా కొత్త."

నిజంగానే అంతా కొత్త. గుంజలోంచి అడుగులుగా మాత్రమే తెలిసిన కాపరులకు ముఖాలున్నాయి. ఎర్ర అంగీలో కీర్జె అందంగా కూడా ఉన్నాడు. జనం ప్రతి మాటా నటులతో కలిసి పలుకుతున్నారు. చివరి అంకం వచ్చింది. దూత కత్తి ఎత్తాడు: "పో, పాతాళానికి!"

ఇక మడమ దెబ్బే మిగిలిందనుకుంది రెమెయ్. కీర్జె తన్నలేదు. చేతులు జోడించి వేదిక అంచుకు వచ్చాడు.

"దూతగారూ, ఏ నరకానికైనా పంపండి, వెళతాను. ఈ కిందికి మాత్రం వద్దు..." అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

ముసలివాళ్ల నుంచి ఒళ్లో పిల్లల దాకా హాలంతా ఒక్క గొంతుతో అరిచింది: "కింద రెమెయ్ ఉంది!"

తెక్లా కూడా, నోటి నిండా మిఠాయితో.

తరువాత తెక్లా చెయ్యి తన నోటి మీదికి పోయింది. వెనక వరసలో ఎవరో "అయ్యో, ఇక్కడే ఉంది!" అన్నారు. లేవబోయిన నవ్వు సగంలో తెగిపోయింది. కీర్జె కళ్లు ముందు వరసను వెతికి ఆమె మీద ఆగాయి. భార్య కింద లేదన్న సంగతి నోటి అలవాటులో మరచిపోయిన మనిషి ముఖం అది. నేలను తన్ని మాయమయ్యాడు.

రెమెయ్ చేతిలో మిఠాయి అలాగే ఉండిపోయింది. సంతలో "కింద ఎలా ఉంది, రెమెయ్?" అని జనం అడిగినప్పుడల్లా "చలిగా ఉంది" అని బుద్ధిగా జవాబిచ్చేది. ఆ ప్రశ్నలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా అర్థమవుతూ వచ్చాయి.

ఇంట్లో కీర్జె అంగీ కూడా విప్పలేదు. "అది మా నాన్న నాటి మాట. అప్పుడు మా అమ్మ పేరుండేది. ఆవిడా నవ్వేది."

"ఆవిడకు తెలుసు. నాకు చెప్పావా?"

"ఊరంతా అరుస్తుంటే నీకు తెలియదని ఎవరనుకుంటారు?"

"చెవుల్లో దూది పెట్టింది ఎవరు?"

"చెవులు పోతాయనే పెట్టాను! మా అమ్మ పెట్టుకోలేదు. చివరికి ఆవిడకేమీ వినపడలేదు."

అది నిజమే. అయినా ఆ దూది ప్రేమో కపటమో రెమెయ్‌కు తేలలేదు. ఆమెను ఎక్కువగా కోసింది పరిహాసం కాదు, ఆ 'బ్రహ్మాండంగా'.

"మేమంతా నీకు తెలుసనే అనుకున్నాం వదినా," అంది గ్రిసెల్డా మర్నాడు, తల దించుకుని.

జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగనాటి ఆటకు రెమెయ్ మళ్లీ కిందికి దిగింది, కట్టు కట్టిన చేత్తోనే. గ్రిసెల్డా కంగారుపడింది: "ఆ చేత్తో ఎలా లాగుతావు?"

"ఎడమది ఉందిగా. నువ్వు పక్కన కూర్చో."

దూది పెట్టుకోలేదు. ఉరుము రేకు చెవులు చిల్లులు పడేలా మోగింది. దూత "పో, పాతాళానికి!" అన్నాడు. కీర్జె ఆ మాట అనలేదు. హాలూ అనలేదు. ఆ నిశ్శబ్దంలో మడమ దెబ్బ పడింది.

ఆమె మీట లాగలేదు.

మళ్లీ తన్నాడు. గ్రిసెల్డా చెయ్యి చాచింది, రెమెయ్ తోసేసింది. పైన గుసగుసలు మొదలయ్యాయి. "ఇరుక్కుపోయిందేమో," అన్నాడు దూత, తన మాటల్లో లేని మాట.

పలకల సందులోంచి కీర్జె గొంతు దిగింది, చిన్నగా: "రెమెయ్. తలుపు."

రెమెయ్ సంతలో కేకవేసే గొంతుతో అడిగింది: "కింద రెమెయ్ ఉంది మరి! వస్తావా?"

నేల కింద మనిషికి గొంతుంటుందని ఆ నాటకంలో ఎవరూ ఎరగరు.

"వస్తాను," అన్నాడు కీర్జె. తరువాత హాలంతటికీ వినిపించేలా, "దయచేసి తియ్యి," అన్నాడు.

ఆమె లాగింది. ఎర్ర అంగీ పరుపు మీద పడింది. పైన లేచిన నవ్వు రేకు మోతను కూడా ముంచేసింది. రెమెయ్ దాన్ని చివరిదాకా విన్నది.

కీర్జె వెల్లకిలా పడి ఆమెనే చూస్తున్నాడు, ఊపిరి అందక.

"తలుపు బాగా తెరుచుకుందా?" అని అడిగింది.

"ఆలస్యమైంది," అన్నాడు.