పెనుకొండ కోటలో మూడో పిలుపు

దయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా చెబితే నవ్వేసే రకం నేను. మగ్గం నేసే మా నాయనకూ అలాంటి నమ్మకాల్లేవు, ఆ బుద్ధి నాకు ఆయన నుంచే వచ్చింది. కానీ పెనుకొండలో జరిగింది మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మా అమ్మ వేరు. బయట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని మాకు నూరిపోసింది. దయ్యం రెండుసార్లకు మించి పిలవదట. నాయన ఎగతాళి చేసేవాడు. నా చెల్లెలు సుబ్బులు మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

డెబ్బైల చివర్లో, వానల్లేని ఏడాది అది. మగ్గం ఆపి నాయన మమ్మల్ని ధర్మవరం నుంచి రైల్లో పెనుకొండ చూపించడానికి తీసుకెళ్లాడు. ఆ రోజు తలచుకుంటే ప్రాణం లేచివస్తుంది. బాబయ్య దర్గాలో చక్కెర పెట్టి ఫాతెహా చదివించాం. కొండ కిందున్న గగన్ మహల్ నీడలో కూర్చుని అమ్మ కట్టి తెచ్చిన చిత్రాన్నం, వేయించిన వేరుశనగ బుడ్డలు తిన్నాం. అంత రుచి మళ్లీ ఏ హోటల్లోనూ దొరకలేదు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమెను మహల్ దగ్గరే ఉంచి మేం ముగ్గురం కొండెక్కాం. పైన కూలిన గోడలు, బురుజులు, లోతైన కోనేర్లు. నాయనా నేనూ బురుజు మీద నుంచి కింద పోయే రైలు చూస్తుంటే, సుబ్బులు కనపడకుండా పోయింది.

నాయన ఒక గోడ దగ్గర ఒకసారి పిలిచి, ఇంకో గోడ దగ్గరికి పరిగెత్తేవాడు. కనబడిన ప్రతి కోనేట్లోకీ తొంగిచూశాడు. పిల్ల నీళ్లలో పడిందనే అనుకున్నాం. నేను ఏడుస్తూ ఆయన వెనకే తిరిగాను.

చాలాసేపటికి సుబ్బులు ఒక మొండిగోడ వెనక నుంచి లంగా దులుపుకుంటూ వచ్చింది.

“ఇంతసేపు పిలుస్తాంటే పలకవేమే?” అన్నాడు నాయన.

“నువ్వు ఒక్కొక్కతూరే పిలిచి పోతాంటివి. దయ్యమనుకున్నా. అమ్మ మూడుతూర్లు పిలిచింది, అందుకే వచ్చినా.”

మేం కిందికి దిగేసరికి అమ్మ ఎదురు పరిగెత్తుకొచ్చింది. మేం నోరు విప్పకముందే “దొరికినాదా నా బిడ్డ?” అంటూ సుబ్బుల్ని పొదువుకుంది. నీకెవరు చెప్పారని నాయన అడిగాడు.

“ఎవురూ చెప్పలా. ఉన్నట్టుండి గుండె అదిరింది. పిలుద్దామంటే గొంతు పెగల్లా. మనసులోనే మూడుతూర్లు పిలుచుకున్నా.”

నాయన రైల్లో ఇంటిదాకా సుబ్బుల్ని ఒళ్లోంచి దించలేదు.

పెద్దయ్యాక నాకు నేనే ఎన్నో చెప్పుకున్నాను. కొండగాలి అన్నాను, రాళ్లలో ప్రతిధ్వని అన్నాను. అసలు అమ్మ నోరే విప్పలేదు కదా, ఇంక దేనికి ప్రతిధ్వని? అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ చనిపోయిన ఏడాది సుబ్బుల్ని అడిగాను, నువ్వే భ్రమపడ్డావేమో అని.

“అమ్మ గొంతు నాకు తెలీదా అన్నా?” అంది. “ఇప్పుడైతే ఒక్కతూరి పిలిచినా పలుకుతా.”